తెడ్డు తగిలిన విమానం

తెనాలిలో మా ఈడు వాళ్ళ నవ్వుల్లో సగం మా ఆయన చేతివే. గొప్పకి అనడం లేదు, ఉన్న మాట. ఎజ్రా గారు ముప్ఫయ్యేళ్ళకు పైగా ఒక పళ్ళ డాక్టరు గారి దగ్గర కట్టుడు పళ్ళు చేశారు. డాక్టరు గారు ముందు గదిలో నోరు తెరిపించి కొలతలు తీస్తే, ఈయన వెనక గదిలో మైనం కరిగించి, అచ్చులు పోసి, పన్ను పన్నూ పేర్చి, చిగుళ్ళు అరగదీసేవారు. ఇప్పటికీ పెళ్ళికి వెళితే భోజనాల దగ్గర మనుషుల మొహాలు చూడరు, నమలడం చూస్తారు. "పున్నారావు గారికి ఎడమ పక్క కాస్త ఎత్తయింది, చూశావా?" అంటారు నా చెవిలో. నాకేం కనబడుతుంది? నాకు పప్పులో ఉప్పు తగ్గిన సంగతి తప్ప ఇంకేమీ తెలియదు.

ఆ డాక్టరు గారు కాలం చేశాక క్లినిక్ మూతపడింది. ఈయన పనిముట్ల పెట్టె చంకన పెట్టుకుని ఇంటికి వచ్చేశారు. మనిషి కూర్చున్నా చేతులు కూర్చోవు కదా. నా గరిటెల అంచులన్నీ అరగదీశారు. పక్కింటి గౌస్ బీ కుట్టుమిషను, ఆవిడ వద్దంటున్నా వినకుండా, విప్పి మళ్ళీ బిగించారు. నా కళ్ళజోడు కాడలు బాగానే ఉన్నాయి, వాటినీ వదల్లేదు. నేను ముప్ఫయ్యేళ్ళు ఒకటో తరగతి పిల్లలతో వేగిన మనిషిని. నాకే ఓపిక చచ్చిపోయింది.

"ఏవండీ, మీకేం కావాలో తెప్పించుకుని చేసుకోండి. నా వంటింటి జోలికి మాత్రం రాకండి" అన్నాను.

వారం తిరక్కుండా కొరియరులో ఒక అట్టపెట్టె వచ్చింది, ముక్కలు అతికించి బొమ్మ విమానం చేసుకునే సెట్టు. దాని మీద సముద్రం, సముద్రం మీద వింత విమానం. పొట్ట చూస్తే పడవ. ఆ పడవ మీద స్తంభం లేపి, దాని మీద పొడుగాటి రెక్క పరిచి, రెక్కకి రెండు ఇంజన్లు తగిలించారు. నడుముకి ఇటొకటి అటొకటి గాజు బుడగలు.

"ఇదేంటండీ, పడవా విమానమా?"

"రెండూనే. కాటలీనా అంటారు. నీళ్ళ మీద దిగుతుంది, నీళ్ళ మీంచే లేస్తుంది. నాన్న తెడ్డుతో కొట్టింది దీన్నే."

పెట్టె మీది బొమ్మని మళ్ళీ ఒకసారి దగ్గరగా చూశాను.

తెడ్డు కథ తెలియనివాళ్ళు మా ఇంట్లో లేరు. మా మామయ్య, అంటే ఈయన నాన్న, పేరు జెకర్యా. భట్టిప్రోలు దగ్గర కాలవ పడవలు నడిపిన చెయ్యి ఆయనది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, మీసాలు కూడా సరిగ్గా రాని వయసులో, ఒక మేస్త్రీ వెంట మద్రాసు వెళ్ళారు. ఊరి బయట రెడ్ హిల్స్ చెరువు మీద ఈ నీటి విమానాలు దిగేవట. విమానం దిగగానే పడవలో దాని దగ్గరికి వెళ్ళడం, తాడు కట్టడం, లోపలి దొరలను ఒడ్డుకు చేర్చడం, విమానం పొట్టకి పట్టిన పాచి గీకడం ఆయన పని. ఒకనాడు గాలి ఎక్కువగా ఉండి పడవ గిర్రున తిరిగింది. తెడ్డు వెళ్ళి విమానం తోకకి కాస్త ముందు, ఎడమవైపు, నీళ్ళు తాకే చోట ఠంగుమని తగిలింది. రేకు రూపాయి బిళ్ళంత లోపలికి పోయింది.

పని పోయిందనే అనుకున్నారట మామయ్య. కానీ దొర వంగి చూసి, నవ్వి, కుంచె తెప్పించి, ఆ సొట్ట చుట్టూ తెల్లగా ఒక సున్నా చుట్టాడట. ఆ రోజు నుంచి ఆ విమానం వాళ్ళకి "జాక్ విమానం". జాక్ అంటే జెకర్యాయే. క్రిస్మస్ రోజున భోజనాలయ్యాక మామయ్య నా చేతిలో గరిటె లాక్కుని, దాన్నే తెడ్డు చేసి, ఈ కథంతా ఆడి చూపించేవారు. మేం పడీ పడీ నవ్వేవాళ్ళం. చివరిలో మాత్రం, "ఒక పొద్దున అది అండమాన్ల వైపు పోయింది. మళ్ళీ రాలేదు" అనేవారు. అక్కడితో ఆపి, మంచినీళ్ళు అడిగి, తాగి, గోడవైపు తిరిగి పడుకునేవారు. కథ అక్కడికి అయిపోయిందనే మేమంతా అనుకున్నాం.

ఆయన పోయి ఇరవై ఏళ్ళు దాటింది. సమాధి రాయి మీద తప్ప ఆయన పేరు ఎక్కడా రాసి లేదు. మా ఆయన కోరిక చిన్నది. ఆ విమానం తయారు కావాలి, దానికి ఆ సొట్ట ఉండాలి, అడుగున పీట మీద జెకర్యా అన్న పేరు ఉండాలి. ఇంతే. ఇంతకంటే ఆయన ఏమీ అడగలేదు, ఎవరినీ.

ఇక మా అన్నయ్య సంగతికి వస్తాను. రావడం ఇష్టం లేకే ఇంతసేపు పళ్ళ గురించీ గరిటెల గురించీ చెప్పాను.

మా అన్నయ్య బర్నబాస్ బ్యాంకు మేనేజరుగా రిటైరై బాపట్లలో ఇల్లు కట్టుకున్నాడు. అక్కడి గుడిలో, అదే చర్చిలో, సంఘ పెద్ద. చేతికంతా ఖాళీ, నోటికి మాత్రం ఖాళీ లేదు. ఒక శనివారం మా ఇంటికి టిఫినుకి వచ్చి, డైనింగ్ టేబులు మీద పరిచిన విమానం ముక్కల్ని చూశాడు. ముక్కలన్నీ ప్లాస్టిక్ చట్రాలకి అతుక్కుని ఉన్నాయి, కాడకి చిక్కుడుకాయలు వేలాడినట్టు. పడవ పొట్ట మాత్రం నిలువునా రెండు సగాలు. కుడి సగం ఒకటి, ఎడమ సగం ఒకటి.

"బావా, ఒక సగం నాకిచ్చెయ్. నేను చేసుకొస్తా. నువ్వొక్కడివే చేస్తే నీ కళ్ళు పోతాయ్" అన్నాడు అన్నయ్య.

మా ఆయన మొహం వెలిగిపోయింది. తన పనిలో ఇంకొకరు చెయ్యి వేస్తానని అడగడం ఆయన జన్మలో అదే మొదలు. పళ్ళ సెట్టు చేసేవాడి పక్కన కూర్చుని చూసేదెవరు? ఎడమ సగాన్ని మెత్తటి గుడ్డలో చుట్టి, టిఫిన్ డబ్బాలో పెట్టి ఇచ్చారు. అది పాసింజరు బండిలో బాపట్ల వెళ్ళింది.

ఆ తరువాత ప్రతి శనివారం అన్నయ్య డబ్బాతో దిగేవాడు. నేను పెసరట్లు పోసేదాన్ని. టేబులు విమానానిది, కింద చాప మాది అన్నట్టు సాగింది ఇంట్లో భోజనం. లోపలి భాగాలకి కూడా ఓపిగ్గా రంగులు వేస్తుంటే నేను ఉండబట్టలేక అడిగాను, "మూసేశాక కనబడని దానికి అంత రంగెందుకండీ?" అని.

"పళ్ళ సెట్టుకి లోపలి వైపు ఎవరికి కనబడుతుంది? చిగుళ్ళకే తెలుస్తుంది" అన్నారు మా ఆయన.

"అదీ మాట! మా బావ మాటంటే మాటే!" అని అన్నయ్య బల్ల గుద్దాడు. వాళ్ళిద్దరూ అంత సంతోషంగా ఉండటం చూసి నాకూ సంతోషమే కలిగింది. ఇప్పుడు ఆ సంతోషం తలుచుకుంటేనే ఒళ్ళు మండుతుంది.

నేల మీద దిగడానికి దీనికి చక్రాలు కూడా ఉంటాయట; వాటి మీద నిలబెడితే ఈ విమానం తోక మీద కూలబడుతుందట; ముక్కులో బరువు పెట్టాలట. వలలకి కట్టే సీసపు గుండ్లయితే బాగుంటాయని ఒకరోజు ముగ్గురం కలిసి రేపల్లె వెళ్ళాం. రేపల్లె మేం అన్నాచెల్లెళ్ళం పుట్టిన ఊరు. మా నాన్న రత్నం అక్కడి గుడిలో గంట కొట్టేవాడు. గంట కొట్టడమే కాదు, గుడి ఊడ్చేవాడు, చాపలు పరిచేవాడు, ఎవరైనా పోతే గొయ్యి తవ్వడానికి ముందు నిలబడేవాడు. ఊరంతా ఆయన్ని గంట రత్నం అనేది. నన్ను గంట రత్నం కూతురు అంటే నాకు బాగుండేది, పొద్దున్నే ఊరిని లేపేది మా నాన్నే కదా అని. అన్నయ్యకి మాత్రం చిన్నప్పటి నుంచీ ఆ మాట ముల్లు. బాపట్లలో ఎవరైనా అడిగితే, "నాన్నగారు చర్చి సేవలో ఉండేవారండి" అంటాడు. విన్నవాళ్ళు పాస్టరు గారనుకుంటారు. అనుకోనిస్తాడు.

ఆ రోజు గుండ్లు కొన్నాక, "గుడి చూసి వద్దాం అన్నయ్యా" అన్నాను.

"మీరెళ్ళి రండి. నాకు మోకాళ్ళు నొప్పులు" అని స్టేషను దగ్గర టీ కొట్లో కూర్చుండిపోయాడు.

మేమిద్దరమే వెళ్ళాం. అక్కడున్నతనితో మా నాన్న పేరు చెబితే, తాడు నా చేతికిచ్చి ఒక్కసారి లాగనిచ్చాడు. నాన్న చేతులు పట్టుకున్నట్టే అనిపించి ఏడుపొచ్చింది. తిరిగొచ్చేసరికి అన్నయ్య టీ కొట్టు వాడితో జోరుగా మాట్లాడుతున్నాడు. తనది బాపట్ల అని చెబుతున్నాడు.

సొట్ట పెట్టిన రోజు నాకు బాగా గుర్తు. అన్నయ్య ఎడమ సగం పట్టుకుని కూర్చున్నాడు. మా ఆయన పళ్ళ పనిలో మైనం కరిగించే ఇనుప చెంచాని స్పిరిటు దీపం మీద కాస్త వేడి చేసి, తోకకి కాస్త ముందు, లెక్క ప్రకారం ఉండాల్సిన చోట, మెల్లగా ఆనించారు. ప్లాస్టిక్ మెత్తబడి ఆవగింజంత లోపలికి వెళ్ళింది. సన్న కుంచెతో చుట్టూ తెల్ల సున్నా చుట్టారు. నాకు స్త్రీల సమాజం మీటింగు ఉంటే వెళ్ళిపోయాను. తిరిగొచ్చేసరికి ఇద్దరూ ఇంకా టేబులు దగ్గరే ఉన్నారు. అన్నయ్య కళ్ళు తుడుచుకుంటున్నాడు.

"ఏంటన్నయ్యా?"

"బావ వాళ్ళ నాన్న సంగతులు చెప్తున్నాడే" అన్నాడు.

తెడ్డు కథే అయ్యుంటుందనుకుని నేను పొయ్యి వెలిగించుకున్నాను.

రెండు సగాలూ అతికాయి. రెక్క ఎక్కింది, ఇంజన్లు ఎక్కాయి. అంతలో మా ఆయనకి కంట్లో శుక్లం ముదిరి ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. దుమ్ము తగలకూడదు, వంగకూడదు, రంగుల వాసన అసలే పడకూడదని డాక్టరమ్మ చెప్పింది. మిగిలింది పైరంగు, స్టిక్కర్లు, పీట. అన్నయ్య మంచం పక్కన కూర్చుని మా ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"బావా, నేను పట్టుకెళ్ళి పూర్తి చేస్తా. పీట చేయిస్తా. మీ నాన్న పేరు ఇత్తడి రేకు మీద చెక్కిస్తా. మా గుడి కోత పండుగకి మీరిద్దరూ రండి. అందరికీ ఒకసారి చూపిద్దాం, అట్నుంచి అటే మీరు ఇంటికి తీసుకెళ్ళిపోదురు" అన్నాడు.

కంటికి కట్టుతోనే మా ఆయన మంచం దిగి, థర్మకోల్ పెట్టెలో విమానాన్ని సర్దారు. "రెక్క పట్టుకుని ఎత్తొద్దు బావగారూ, పొట్ట కింద చెయ్యి పెట్టి ఎత్తండి" అని గుమ్మం దాకా చెబుతూనే ఉన్నారు, ఆడపిల్లని అత్తారింటికి పంపుతున్నట్టు. నేను నవ్వాను.

కోత పండుగ నాడు మా ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. కొత్త కంటితో బండి కిటికీలోంచి కోసిన పొలాల్ని చూస్తూ పిల్లాడిలా మురిసిపోయారు. "గడ్డి పరక పరకా కనబడుతోంది దానమ్మా" అన్నారు.

బాపట్ల గుడి నిండా పంటే. గుమ్మానికి వరి కంకుల తోరణాలు, బలిపీఠం ముందు గుమ్మడికాయలు, అరటి గెలలు, కాళ్ళు కట్టిన కోళ్ళు, ఊరగాయ జాడీలు, కేకులు. నడిమధ్యన తెల్లగుడ్డ మీద గాజు పెట్టెలో మా విమానం. మేం ఆఖరి వరసలో కూర్చున్నాం. మా ఆయన నా చెయ్యి నొక్కారు. "బాగా వచ్చింది. తోక రంగు కాస్త ముదిరింది గానీ, బాగా వచ్చింది" అన్నారు.

మా పండుగలో ఒక పద్ధతి ఉంది. బలిపీఠం ముందు పెట్టింది దేవుడిది. అది ఇక ఎవరిదీ కాదు. ఆరాధన అయ్యాక ఒక్కొక్కటీ వేలం వేస్తారు. పెట్టినవాళ్ళు ఎవరి జ్ఞాపకార్థం పెట్టారో మైకులో చదువుతారు. పాడుకున్నవాళ్ళు ఇంటికి పట్టుకెళ్ళొచ్చు, లేదా తమవాళ్ళ పేరు చెప్పించి మళ్ళీ పాటకి పెట్టొచ్చు. ఒకే గుమ్మడికాయ నలుగురు తాతల పేర్ల మీద నాలుగుసార్లు అమ్ముడుపోవడం నేను చూశాను. విమానాన్ని అక్కడ పెడతానని అన్నయ్య మాకు చెప్పలేదు. చూపిద్దాం అన్నాడు, అంతే. అయినా పేరు మామయ్యదే కదా, మనమే పాడుకుని తీసుకెళదాం అని నేను సర్దిచెప్పుకున్నాను.

వేలం వేసేది శాలేమురాజు గారని ఆ సంఘం సెక్రటరీ. గెలలూ కోళ్ళూ అయ్యాక గాజు పెట్టె మీద చెయ్యి వేసి, గొంతు సవరించుకున్నారు.

"సంఘమా, జాగ్రత్తగా వినండి. రెండో ప్రపంచ యుద్ధంలో ఈ విమానంలోనే మిషను గన్ను పట్టి సముద్రం మీద పోరాడిన వీరుడు, మన సంఘ పెద్ద బర్నబాస్ గారి తండ్రి, కీర్తిశేషులు రత్నం గారి జ్ఞాపకార్థం! బర్నబాస్ గారు నెలల తరబడి స్వహస్తాలతో చేసి దేవునికి అర్పించారు. చప్పట్లు కొట్టండి!"

గుడంతా చప్పట్లు. నా పక్కావిడ నా భుజం తట్టి, "మీ నాన్నగారు మిలట్రీయా దానమ్మగారూ? ఎప్పుడూ చెప్పలేదేంటండీ!" అంది. మా నాన్న జన్మలో పట్టుకున్నది గంట తాడూ, చీపురూ.

మా ఆయన ముందుకు వంగి చూస్తున్నారు. "మీ అన్నయ్య రాసిచ్చింది ఆయన తప్పు చదివి ఉంటారు" అన్నారు మెల్లగా. "ఆ హడావిడిలో పేర్లు తారుమారై ఉంటాయి."

అప్పటికీ అలాగే అనుకున్నారు పిచ్చిమనిషి. నేను లేచి నాలుగు వరసలు ముందుకు వెళ్ళి చూశాను. పీట మీద ఇత్తడి రేకు నిగనిగలాడుతోంది. దాని మీద చెక్కింది మా నాన్న పేరు. ఇత్తడి మీద పేరు హడావిడిలో తారుమారు కాదు. అన్నయ్య వేదిక మీద కూర్చుని పైకప్పు చూస్తున్నాడు.

అరవాలనిపించింది. గుడిలో, దేవుడి ముందు పెట్టిన వస్తువు గురించి, సొంత అన్న మీద ఎలా అరుస్తాను? నాకు మిగిలిన దారి వేలం పాట ఒక్కటే. చెయ్యెత్తాను. ఎవరో డాక్టరు దంపతులు పైకి పాడారు. నేను ఇంకా పైకి పాడాను. అన్నయ్య వేదిక మీంచి వద్దని తల ఊపుతున్నాడు. ఊపే కొద్దీ పాడాను. ఎంతకు పాడానో ఇక్కడ రాయను. ఆ నెల మా ఇంట్లో చేప వండలేదని మాత్రం రాస్తాను.

"మూడోసారి! దానమ్మగారికి!" అని శాలేమురాజు గారు బల్ల కొట్టారు. "అమ్మా, ఇంటికి తీసుకెళతారా, మళ్ళీ పాటకి పెడతారా? పెడితే ఎవరి జ్ఞాపకార్థం అనమంటారు?"

మాట సిద్ధంగా పెట్టుకున్నాను. మా మామగారు జెకర్యా గారి జ్ఞాపకార్థం, ఆయన సైనికుడు కాదు, ఈ విమానం పొట్ట గీకి శుభ్రం చేసిన పడవవాడు అని మైకులోనే చెబుదామనుకున్నాను. నోరు తెరిచేలోపు మా ఆయన నన్ను దాటుకుని వెళ్ళారు. గాజు పెట్టె మూత తీసి, పొట్ట కింద చెయ్యి పెట్టి, విమానాన్ని పైకి ఎత్తారు. పళ్ళ సెట్టు అయిపోయాక ఆయన ఎప్పుడూ చేసే పనే చేశారు: కళ్ళు మూసుకుని బొటనవేలితో తడిమారు. వేలు ముక్కు నుంచి బయలుదేరి, ఎడమ పక్కగా పోయి, తోకకి కాస్త ముందు ఆగింది. వెనక్కి వచ్చి మళ్ళీ వెళ్ళింది. ఆయన కళ్ళు తెరిచి, ఆపరేషన్ చేసిన కంటికి దగ్గరగా పెట్టి చూశారు.

అక్కడ ఏమీ లేదు. సొట్ట లేదు, సున్నా లేదు. అద్దంలా నున్నగా ఉంది.

ఆయన విమానాన్ని తెల్లగుడ్డ మీద జాగ్రత్తగా పెట్టేశారు. "మళ్ళీ పాడించండి సార్. ఇది మా నాన్నది కాదండి" అన్నారు. మామగారి ఘనత మామగారికే వదిలిన వినయం గల అల్లుడనుకుని జనం దానికీ చప్పట్లు కొట్టారు. ఆయన నడవలోంచి నేరుగా బయటికి నడిచారు. నేను చెప్పాలనుకున్న మాట మింగి ఆయన వెనక పరిగెత్తాను.

గేటు దగ్గర అన్నయ్య రొప్పుతూ మమ్మల్ని అందుకున్నాడు. "ఏంటి బావా, భోజనం చేయకుండా వెళ్ళిపోతారా?"

"సొట్ట ఏదండీ బావగారూ?" అన్నారు మా ఆయన. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

"అదా!" అని అన్నయ్య ఊపిరి పీల్చుకున్నాడు. "పుట్టీ పెట్టి, ఉప్పు కాగితంతో రుద్దేశా. నలుగురూ చూసేదాంట్లో సొట్టేంటి, చేతగాక పడిందనుకోరూ?"

"మన నాన్న ఎప్పుడు యుద్ధానికెళ్ళాడు అన్నయ్యా?" అన్నాను.

"మెల్లగా మాట్లాడు దానమ్మా. ప్రియ అత్తగారి వాళ్ళు ముందు వరసలోనే ఉన్నారు." నా కూతుర్లాంటి మేనకోడలి పేరు అడ్డం పెట్టుకుంటున్నాడు. "ఈ గుడిలో ఎవర్ని కదిపినా హెడ్మాస్టర్ల కొడుకులు, పాస్టర్ల కొడుకులు. మన నాన్న గురించి ఏం చెప్పమంటావ్? చీపురు పట్టాడని చెప్పనా?"

"గంట కొట్టాడని చెప్పు!"

"బావ వాళ్ళ నాన్న ఎప్పుడో పోయాడు కదే. ఆయనకిప్పుడు పోయేదేముంది?"

నా చెయ్యి లేవబోయింది. వయసులో పెద్దవాడు, ఆపుకున్నాను. "ఈయన నాన్నని ఎత్తుకుపోయావ్. మన నాన్నని పారేశావ్. ఇంకెప్పుడూ శనివారం మా గుమ్మం ఎక్కకు" అన్నాను. వాడు ఇంకా ఏదో అంటూనే ఉన్నాడు. మేం ఆటో ఎక్కేశాం.

బండిలో నేను ఊరుకోలేదు. అప్పికట్ల స్టేషను దాటేదాకా తిడుతూనే ఉన్నాను. సిగ్గులేనివాడన్నాను, తోడబుట్టినందుకు నాకే సిగ్గుగా ఉందన్నాను. చిన్న సొట్ట అని కూడా చూడకుండా పూడ్చేశాడన్నాను. మా ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. బయట అవే కోసిన పొలాలు. చాలాసేపటికి నా వైపు తిరిగారు.

"నాన్న ఆసుపత్రిలో ఉన్నప్పుడు నన్నొక మాట అడిగాడు దానమ్మా. నీకెప్పుడూ చెప్పలేదు."

"ఏంటండీ?"

"'ఒరే ఎజ్రా, ఆ సొట్ట దగ్గర రేకు చిట్లి ఉంటుందంటావా? అక్కడ్నుంచే నీళ్ళొచ్చి ఆ విమానం మునిగిందంటావా? ఆ మనుషులంతా నా తెడ్డు వల్లే పోయారంటావా?' అన్నాడు. యుద్ధం అయిపోయి యాభై ఏళ్ళు దాటినా ఆయన మనసులో అదే. నేనేం చెప్పను? కాదు నాన్నా అన్నా. నమ్మలేదు."

క్రిస్మస్ రోజుల్లో ఆ గ్లాసెడు మంచినీళ్ళు, ఆ గోడవైపు తిరగడం నాకు కళ్ళ ముందు కదిలాయి. మేం నవ్వుతూ ఉండిపోయిన కథ అది.

"పిచ్చి మాటే, నాకూ తెలుసు" అన్నారు ఆయన. "ప్లాస్టిక్కూ రేకూ ఒకటి కాదు. అయినా ఆ సొట్టతోనే పూర్తిచేసి, నీళ్ళ తొట్లో వేద్దామనుకున్నా. తేలుతుంది కదా. తేలితే, ఇదిగో నాన్నా, నీ దెబ్బకి మునగలేదు అని ఒక్కసారి పైకి అనుకుందామని. అంతే."

"ఇంత మాట నాక్కూడా చెప్పలేదేంటండీ?"

"నీకు చెబితే ఏడుస్తావని. మీ అన్నయ్యకి చెప్పా. సొట్ట పెట్టిన రోజు. 'తప్పకుండా వేద్దాం బావా, మా ఇంట్లో పెద్ద తొట్టి ఉంది' అన్నాడు."

ఆ సొట్ట మా ఆయనకి ఎంత ముఖ్యమో తెలియక, చూసేవాళ్ళు లోపమనుకుంటారని పూడ్చాడని అప్పటిదాకా అనుకున్నాను. ఆ రోజు మీటింగు నుంచి వచ్చేసరికి మా అన్నయ్య కళ్ళు తుడుచుకుంటూ ఉండటం నేను నా కళ్ళతో చూశాను. అంతా విన్నాడు. విని ఏడ్చాడు. ఏడ్చిన తరువాతే ఇంటికి పట్టుకెళ్ళి పుట్టీ కలిపాడు.